నూట ఇరవై అడ్డం, తొంభై నిలువు

తప్పు తనదేనని ఖుర్షీద్ చాచా అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అంతుపట్టడం లేదు. కోరుట్లలో నలభై ఏళ్లుగా రేకు సందుగలు, పెట్టెలు చేస్తున్న మనిషి. మూత బిగుసుకుందని ఎవరైనా వాపసు తెస్తే "మూత మంచిగనే ఉన్నది, మీ ఇంట్ల గచ్చే వంకరున్నది" అని పంపించే మనిషి. ఇవాళ నేను స్కేలు పెట్టి చూపిస్తే కిక్కురుమనకుండా తల వంచాడు. "నా చెయ్యి తప్పింది బిడ్డా, కొత్త రేకు ఏస్త" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది, బాపు గీసిచ్చిన గ్రాఫు కాగితాన్ని నా కళ్ల ముందే నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. అంతకుముందు నేను దుకాణంలో కాలు పెట్టీ పెట్టగానే అడిగిన మొదటి మాట "మీ బాపు రాలేదా?" అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా. తర్వాత "కూసో, ఇప్పుడే అస్త" అని చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. అప్పుడు నాలుగైంది. ఇప్పుడు నాలుగూ ఇరవై. కరెంటు లేదు, బొగ్గు గనుల సమ్మె మొదలయ్యాక అది ఎప్పుడొస్తుందో ఎవరూ అడగడం మానేశారు. రేకుల వాసనలో, సగం చీకట్లో, ఎత్తు పీట మీద స్కేలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఎదురుగా నా పెట్టె ఉంది.

పెట్టె అంటే పెళ్లికూతురు చీరలు పెట్టుకునేది కాదు. నా కంప్యూటర్‌కు ఇల్లు. రెండేళ్ల నుంచి ఒక్కో భాగం కొనుక్కుంటూ వచ్చాను, మదర్‌బోర్డు ఒక దసరాకు, ప్రాసెసర్ ఇంకో దసరాకు, గ్రాఫిక్స్ కార్డు సికింద్రాబాద్ నుంచి, అదీ వాడినది. అమ్మినవాడు నవ్వుతూ అమ్మాడు కాబట్టి అక్కడే కూర్చొని గంటసేపు ఆడి చూసి గానీ తీసుకోలేదు. ప్రతి భాగం మీదా ఒక మూలకు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను, ఎవరూ మార్చకుండా. బళ్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచరమ్మ రాత్రిపూట కార్ల పందేలు ఆడుతుందని తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, బాపుకు తప్ప. బజార్లో దొరికే డబ్బాల్లో పెడితే ఆ కార్డు అరగంటలో కాలిపోయే పెనం అవుతుంది. గాలి ముందు నుంచి తోసుకొని రావాలి, వెనక నుంచి వేడి పోవాలి. అందుకే నేనే కొలతలు వేసుకున్నాను, ముందు రేకు మధ్యలో నూట ఇరవై మిల్లీమీటర్ల గుండ్రటి ఫ్యాను, చుట్టూ గాలికి చిల్లులు. ఆ చిల్లులు ఊరికే జల్లెడలా ఎందుకుండాలి అనిపించింది. అక్కడే బాపు గుర్తొచ్చాడు. లేదు, ముందు నుంచీ బాపు కోసమే ఆ చిల్లులు ఆలోచించానేమో, ఇప్పుడు చెప్పలేను.

బాపు, దేవదాస్ అంటే సిరిసిల్లలో పాత వాళ్లకు తెలుసు, చీర అంచులకు బొమ్మలు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద గడి గడికీ పెన్సిల్ రుద్దుతూ రుద్రాక్షలు, నెమళ్లు. గడి నింపితే పోగు లేవాలి, వదిలేస్తే పోగు కిందికి పోవాలి. తర్వాత సాంచెలన్నీ, ఊళ్లోని మరమగ్గాలన్నీ, ఒక్కటే తెల్ల బట్టకు తిరిగాయి, లంగా బట్ట, లైనింగు బట్ట, అంచు లేని బట్ట. అంచు లేనిదానికి బొమ్మ ఎవడు గీయించుకుంటాడు? కొన్నాళ్లు సాంచె నడిపాడు, చెవులు గింగురుమంటున్నాయని మానేశాడు. అమ్మ పోయాక, నాకు ఇక్కడ బళ్లో పని దొరికాక నాతో వచ్చేశాడు. పన్నెండేళ్లు పెన్సిల్ ముట్టుకోలేదు. నేను బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చొని, ఎర్ర పెన్ను పట్టుకోమన్నా పట్టుకునేవాడు కాదు. అట్లాంటి మనిషిని పోయిన నెల అడిగాను, బాపూ, నా పెట్టెకు ఒక అంచు గీసిస్తావా అని. మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు "పెన్సిల్ చెక్కియ్యి" అన్నాడు. కొవ్వొత్తి వెలుతురులో వారం రోజులు, మధ్యలో ఫ్యాను గుండ్రమూ చుట్టూ రుద్రాక్షలూ గీశాడు. అన్నం చల్లారిపోతున్నా లేవలేదు. వంటింట్లో నేను ఏడ్చాను, ఉల్లిగడ్డల మీద పెట్టాను.

అందుకే నా కోపం. రేకు ఒకటి పాడైతే ఇంకొకటి వేయొచ్చు. కానీ బాపు పన్నెండేళ్ల తర్వాత గీసిన మొదటి గుండ్రాన్ని, ఫ్యాను కూడా కూర్చోని కోడిగుడ్డును చేసి పెట్టాడు చాచా. అది చూస్తే బాపు మళ్లీ పెన్సిల్ ముట్టుకోడు. ఇది నాకు తెలిసినంత గట్టిగా చాచాకు తెలియదా? రోజూ సాయంత్రం ఇద్దరూ ఈ దుకాణం ముందరే కూర్చొని తెలంగాణ వస్తే ఎట్లుంటది, సాంచెలకు పని వస్తదా రాదా అని గంటలు గంటలు మాట్లాడుకుంటారు. తెలిసీ చేశాడంటే ఏదో ఉంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం నేనని బళ్లో అనుకుంటారు, అనుకోనీ. పోయిన వారం నేను వచ్చేసరికి చాచా తమ్ముడి కొడుకు తౌసీఫ్ ఇక్కడున్నాడు, జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపేవాడు. బాపు కాగితాన్ని నేల మీద పరిచి ఫోనుతో ఫోటో తీస్తున్నాడు. నన్ను చూసి "సలాం అక్కా" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడు? జగిత్యాలలో ఎవరో గేమింగ్ సెంటరు పెడుతున్నారని విన్నాను. పది కంప్యూటర్లు, పది పెట్టెలు. బాపు రుద్రాక్షలు వాటి మీదికి ఎక్కుతాయి, నాదాన్ని మాత్రం పాడు చేసి, కొత్త రేకు వేస్తానని నెల తిప్పుతారు. బస్సులు బంద్, బళ్లు బంద్, దుకాణాలు పూట తెరిస్తే పూట బంద్, ఆలస్యానికి సాకు వెతుక్కోవాల్సిన పనే లేదు. కాగితం జేబులో పెట్టుకోవడం కూడా అందుకే. నా దగ్గర ఇప్పుడు రుజువు లేదు. ఇంకో అనుమానం కూడా వచ్చింది, మేము వేరు వాళ్లు వేరు అనే అనుమానం, దాన్ని పూర్తిగా అనుకోకముందే తోసేశాను. కానీ వచ్చిన మాట నిజం.

కాగితం పోతే పోయింది, సాక్షి బాపు ఉన్నాడు. చాచా ఇంకా తప్పు ఒప్పుకోకముందే, మూడుముప్పావుకు, బాపుకు ఫోన్ చేసి చెప్పాను, చాచా మూల ఉన్న రేకులు సర్దుతూ వింటుండగానే. ఇవాళ చౌరస్తా నిరాహార దీక్ష శిబిరంలో పద్మశాలి సంఘం వంతు. పొద్దున తొమ్మిదింటికి మెడలో దండ వేసుకొని కూర్చున్న బాపు సాయంత్రం అయిదుకు నిమ్మరసం ఇచ్చేదాకా లేవకూడదు. వెనక మైకులో ఎవరో పాడుతున్నారు. గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "బాపూ, మొత్తం ఖరాబ్ చేసిండ్రు. ఫ్యానే పడుతలేదు. గిట్ల చేసినోనికి కండ్లున్నయా అసలు? లెక్క రానోడు ఎందుకు ముట్టుకోవాలె? గుడ్డోడు గూడ ఇంతకంటె నయం" అన్నాను. చాచాకు తగలాలనే అన్నాను.  బాపు "ఎంతున్నది?" అన్నాడు. "అడ్డం నూట ఇరవై సక్కగనే ఉన్నది. నిలువు తొంభై."  పాట అయిపోయింది, జై తెలంగాణ అన్నారు, బాపు గొంతు అందులో ఉందో లేదో తెలియలేదు. "మంచిది బిడ్డా. అయిదుకు అస్త" అని పెట్టేశాడు. కోపం వస్తే బాపు మాట్లాడడు, నాకు తెలుసు. చాచా పని అయిపోయిందనుకున్నాను, తృప్తిగా కూడా ఉండింది.

లోపలి నుంచి పరదా తొలగించుకొని రషీదాబీ చాచీ వచ్చింది, చేతిలో చాయ్. ఇదీ అనుమానమే. ఇంతకుముందు ఎన్నిసార్లు రాలేదు నేను, ప్రతిసారీ చాయ్ ఇచ్చారా? ఇచ్చారు, నిజానికి ఇచ్చారు, కానీ ఇవాళ్టి దాంట్లో ఇలాచీ వేశారు. "చాచా ఎటు పోయిండు చాచీ?" అని అడిగాను, మామూలుగా అడిగినట్టు. "మీ బాపు తాన్కే పోయిండు బిడ్డా, టెంటు కాడికి" అంది. బాపు దగ్గరికా? బాపు ఇక్కడికి రాకముందే మెత్తబరచడానికా? ఇద్దరూ ముసలివాళ్లు, ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చేస్తే నేనొక్కదాన్నే గయ్యాళినవుతాను. చాయ్ తాగకుండా పక్కన పెట్టి లేచి పెట్టె దగ్గరికి వెళ్లాను. రుజువు కాగితంలోనే ఉండాలని ఎవరన్నారు, రేకు మీద ఉండదా? ఫ్యాను రంధ్రాన్ని వదిలేసి చుట్టూ ఉన్న రుద్రాక్షలు చూశాను. చిన్న ఇనుప మొల పెట్టి కొట్టిన చిల్లులు, ఒక్కో రుద్రాక్షకు పాతిక ముప్పై, అట్లాంటి రుద్రాక్షలు రెండు వైపులా పద్దెనిమిది. ప్రతి చిల్లుకూ వెనక లేచిన గరుకును ఆకురాయితో రాసి నున్నగా చేశాడు, వేలు పెట్టి చూశాను, ఒక్కటి కూడా గీరుకోలేదు. మోసం చేసేవాడు ఇంత ఓపికగా వెనక వైపు కూడా రాస్తాడా? ఆ ఆలోచన నాకు నచ్చలేదు. స్కేలు పెట్టాను. మొదటి రుద్రాక్ష అడ్డం ఇరవై, నిలువు పదిహేను. రెండోది అడ్డం ఇరవై, నిలువు పదిహేను. చీకట్లో తప్పు చూస్తున్నానేమోనని పెట్టెను గుమ్మం దగ్గరికి జరిపి మళ్లీ కొలిచాను. పద్దెనిమిదీ అంతే.

చెయ్యి జారితే ఒకచోట జారుతుంది. పద్దెనిమిది చోట్ల ఒకే లెక్కలో జారదు. నాలుగుకు మూడు. నూట ఇరవైకి తొంభై, ఇరవైకి పదిహేను, అరవై నాలుగుకు నలభై ఎనిమిది. అరవై నాలుగు, నలభై ఎనిమిది. ఈ రెండు అంకెలు నాకు ఎక్కాల కంటే ముందు వచ్చు. సిరిసిల్లలో మా ఇంట్లో, కిటికీ కింద, బాపు పెన్సిల్ రుద్దుతూ గొణిగే అంకెలు. అంగుళానికి పడుగు పోగులు అరవై నాలుగు, పేక పోగులు నలభై ఎనిమిది. నిలువుగా కొలిస్తే అంగుళానికి పేక పోగులు తక్కువ కాబట్టి గుండ్రం కావాలంటే కాగితం మీద నిలువు గడులు తక్కువ వేసుకోవాలి. కాగితం మీద నెమలి బలిసి, మెడ లేకుండా కూర్చొని ఉండేది. "ఇది కోడి గదా బాపూ" అని నేను ఏడిపిస్తే "బట్ట మీదికి ఎక్కనీ, సక్కగైతది" అనేవాడు, బట్ట మీదికి ఎక్కాక నెమలి నిజంగానే చక్కగా మెడ చాపేది. ఎన్ని వందల కాగితాలు చూశానో అట్లాంటివి. అందుకే పోయిన నెల కొవ్వొత్తి వెలుతురులో ఈ కాగితాన్ని నా చేతికిచ్చి "ఎట్లున్నది?" అని బాపు అడిగినప్పుడు, ఆ అణిగిపోయిన రుద్రాక్షలూ ఆ కోడిగుడ్డూ నా కంటికి గుండ్రంగానే కనిపించాయి. మంచిగున్నది బాపూ అన్నాను. నేనే మడతపెట్టి తెచ్చి చాచాకు ఇచ్చాను. గడికి ఒక మిల్లీమీటరు చాచా, ఒక్క గడి కూడా తప్పొద్దు అని నేనే చెప్పాను.

"చాచీ," అన్నాను, "కోసేటప్పుడు చాచాకు అనుమానం రాలేదా?" చాచీ నా వైపు చూసింది, చెప్పొచ్చో చెప్పకూడదో అన్నట్టు. "ఎందుకు రాలే. కంప్యూటర్ల పంఖా ఎట్లుంటది, గుండ్రమా, గిట్ల కోడిగుడ్డు లెక్కనా అని తౌసీఫ్‌ను పిలిచి ఫోటు తీపించి అడిగిండు. గుండ్రమే ఉంటదన్నడు పోరడు. గప్పుడు మీ బాపును గూడ అడిగిండు. దేవదాసన్నా, గిది గుండ్రమేనా అని. మీ బాపుకు కోపమొచ్చింది. ముప్పై ఏండ్లు గీసిన, నా గీత మీద అనుమానమా అన్నడట. ఇంక ఈన ఏమంటడు? పెద్ద పనోడు చెప్పినంక అడుగుడు మర్యాద కాదని కోసిండు. మూడు రోజులు ఆ బొక్కలు కొట్టుకుంట నాతోని అంటనే ఉన్నడు, గిది పడది, గిది పడది అని."

చాయ్ మీద మీగడ కట్టింది. దాన్ని అట్లాగే ఎత్తి తాగేశాను. చాచీ ఇంకేదో అంటోంది, దసరాకన్నా బస్సులు నడుస్తాయా అనో ఏమో. నాకు నా గొంతే వినిపిస్తోంది. కండ్లున్నయా అసలు. లెక్క రానోడు ఎందుకు ముట్టుకోవాలె. గుడ్డోడు గూడ నయం. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా సరిగ్గా తాగని మనిషి చెవిలో. నలుగురి మధ్య, మెడలో దండతో. నేను తొంభై అని చెప్పిన క్షణంలోనే బాపుకు అర్థమైపోయి ఉంటుంది, ఆయనకు అర్థం కావడానికి స్కేలు అక్కరలేదు. కోపమనుకున్నాను నేను. మూల నిలబడి రేకులు సర్దుతున్న చాచాకూ అది తెలిసింది, నేను ఎవరిని తిడుతున్నానో నాకు తెలియదని కూడా తెలిసింది. నేను ఫోను పెట్టేయగానే నా చెయ్యి తప్పిందన్నాడు. నేను చూస్తే గడులు లెక్కపెడతానని కాగితం దాచుకున్నాడు. తర్వాత బాపు కంటే ముందే తప్పు ఎత్తుకోవడానికి ఎండలో చౌరస్తాకు పోయాడు. ఇంతమందిని అనుమానించాను, ఫోటో తీసినవాణ్ని, చాయ్ ఇచ్చినామెను. ఒక్కరిని మాత్రం, కాగితం చేతిలో పెట్టుకొని మంచిగున్నదన్న మనిషిని, నన్ను, ఒక్కసారి కూడా అనుమానించలేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది.

అయిదైంది. మైకు ఆగింది, అంటే నిమ్మరసం ఇచ్చేశారు. చౌరస్తా నుంచి ఇక్కడికి పది నిమిషాలు. అయిదుంబావు. ఇంటికి పోయాడేమో. తలనొప్పి అని పడుకుంటాడు, రేపు కూడా అంటాడు, ఆ తర్వాత అడిగితే ఏ పెన్సిల్, ఎక్కడి పెన్సిల్ అంటాడు. నేను పరుగెత్తి పోవాలా, ఇక్కడే ఉండాలా? పోయి ఏం చెప్పాలి? నిన్ను కాదు అన్నది అని చెబితే ఇంకా ఘోరం. లేచి గుమ్మం దాకా వచ్చి, మళ్లీ కూర్చొని, మళ్లీ లేచాను. అప్పుడు ఇద్దరూ సందు మలుపులో కనిపించారు. బంతిపూల దండ ఇంకా బాపు మెడలోనే ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చాచా మోచేయి పట్టుకొని నడిపించుకొస్తున్నాడు. నేను చాచాకు ఏదో చెప్పబోయాను. "చాయ్ తాగినవా బిడ్డా?" అని నా మాట పైకి రాకుండానే తుంచేశాడు.

బాపు గుమ్మంలో ఉన్న పెట్టె పక్క నుంచి దాని వైపు చూడకుండా వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "చెప్పిన గదా దేవదాసన్నా," అన్నాడు చాచా, నాకు వినపడేటట్టు, "కాయిదం సక్కగనే ఉన్నది. నా చెయ్యే జారింది." బాపు సందులోకి చూస్తూ "కావచ్చు" అన్నాడు. ఎప్పుడూ ఒకరి మీద నింద వేయని మనిషి ఆ ఒక్క మాటతో వేసేశాడు, వేసి కళ్లు దించుకున్నాడు. నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నేను నోరు మూసుకుంటే చాలు, అందరి మర్యాదా దక్కుతుంది. "కొత్తదానికి నువ్వే గీస్కో ఖుర్షీద్ భాయ్," అన్నాడు బాపు మళ్లీ, "నాకిప్పుడు చూపు ఆనుతలేదు. గడులు కలిసిపోతున్నయి."

అంతే, అయిపోయింది. పన్నెండేళ్లు మళ్లీ మొదలయ్యాయి. నేను వెళ్లి బాపు ముందర కింద కూర్చున్నాను.

"బాపూ, చాచా చెయ్యి జారలే. ఆ కాయిదం ముందుగాల నేను చూసిన. నాకు గుండ్రంగనే కనవడ్డది."

బాపు నా వైపు చూశాడు.

"నీ ఇంట్ల పెరిగిన గదా," అన్నాను. "ఇప్పటికీ నాకు గట్లున్నదే గుండ్రం."

చాచా సుత్తె ఒకటి తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు.  బాపు గోడ పట్టుకొని లేచి పెట్టె దగ్గరికి పోయాడు. ఒక్కో రుద్రాక్ష మీద బొటనవేలు పెట్టి పై నుంచి కిందికి తడుముకుంటూ వచ్చాడు. వెనక వైపు చెయ్యి పెట్టి చూశాడు, రాసిన చోటు. "ఇన్ని కొట్టినవా భాయ్" అన్నాడు మెల్లగా.  బాపు మళ్లీ అడిగాడు, ఈసారి నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"రేకుకు పడుగెన్ని, పేకెన్ని?"

"రేకుకు గవన్ని ఉండయన్నా. ఎటు కొలిచినా ఒక్కటే."

"గంతేనా" అన్నాడు బాపు. మెడలోని దండ తీసి పక్కన పెట్టాడు. చాచీ అన్నం తినమంటోంది, తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. గోడకు ఆనించిన రేకు ముక్కల్లోంచి ఒకటి ఒళ్లోకి లాక్కొని, గీత గీసే మొలను చాచా అందిస్తే తీసుకున్నాడు. 

"ఎంతన్నవ్ బిడ్డా ఫ్యాను?"

"నూట ఇరవై."

"అడ్డమా, నిలువా?"

"రెండూ, బాపూ."